ఆరుగురు కలిసి అలాస్కా: లగ్జరీ ఓడా, పెద్ద ఓడా?

మీరు అడిగింది ఇది. డల్లాస్‌లో ఉంటున్నారు. వచ్చే జూన్‌లో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు, నాన్నగారికి అరవై నిండుతున్నాయి. వాళ్ళిద్దరూ, మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు కలిసి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ ఎక్కాలని అనుకుంటున్నారు. పెద్ద ఓడలో బాల్కనీ గదులు చూసిపెట్టుకున్నారు. ఈలోగా ఒక స్నేహితుడు "జీవితంలో ఒక్కసారేగా, లగ్జరీ లైన్ తీసుకో" అన్నాడు. చూస్తే తలకు మూడు, నాలుగు రెట్లు ధర. అంత ఎక్కువ పోస్తే దక్కేదేమిటి అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను: మీ ఆరుగురికీ లగ్జరీ ఓడ వద్దు. ఎందుకు వద్దో, ఎవరికైతే కావాలో, మీరు దేన్ని తీసుకోవాలో చెప్పడానికి కొంచెం చోటు పడుతుంది.

నేను ఓడల్లో పద్నాలుగేళ్ళు పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్ళు మూడు, నాలుగు వేలమంది ఎక్కే ఓడల్లో, డైనింగ్ రూమ్‌లో. తర్వాత ఐదేళ్ళు ఆరువందలమంది కూడా పట్టని ఒక లగ్జరీ ఓడలో. ఇప్పుడు మా ఊరు వైజాగ్‌లోనే ఉంటున్నాను. రెండు రకాల ఓడల్లోనూ ప్లేట్లు మోసినవాణ్ణి కాబట్టి తేడా ఎక్కడుందో చేతులకు తెలుసు.

పెద్ద ఓడలో వెయిటర్‌గా ఉన్నప్పుడు నా వంతుకు ఒక విడతలో 24 మంది వచ్చేవారు. ఆరు గంటల విడత లేచీ లేవగానే బల్లల మీది బట్టలు మార్చి, కత్తులు సర్ది, ఎనిమిదింటి విడతకు మరో 24 మంది. ఒకాయన సూప్ చల్లగా ఉందంటే మార్చి తేవడానికి కిచెన్‌కి పోవాలి, అక్కడ నలభై మంది వెయిటర్ల క్యూ. నవ్వు మొహం మీదే ఉంటుంది, కళ్ళు మాత్రం గడియారం మీద. లగ్జరీ ఓడలో నాకు పది, పన్నెండు మంది. రెండో రోజుకల్లా ఎవరికి కాఫీలో పాలు వేరుగా కావాలో, ఎవరికి కుడి చెయ్యి నొప్పో తెలిసిపోయేది. ఆ రెండో ఓడలో నేను మంచివాణ్ణి అయిపోలేదు, అదే మనిషిని. నాకు టైమ్ ఉంది, అంతే. మీరు కట్టే అదనపు డబ్బులో పెద్ద వాటా ఆ టైమ్‌కే పోతుంది.

రెండో వాటా చోటుకు. దీనికి ఒక చిన్న లెక్క ఉంది, మీరే వేసుకోవచ్చు. ఓడ టన్నేజిని ఎక్కే మనుషుల సంఖ్యతో భాగించండి. ఈ టన్నేజి బరువు కాదు, ఓడలోపలి చోటుకు కొలత. 2022లో మన వైజాగ్ రేవుకు వచ్చిన కోర్డేలియా ఎంప్రెస్ గుర్తుందా? అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ. 48,500 టన్నులు, గదికి ఇద్దరు చొప్పున చూస్తే 1,600 మంది. మనిషికి 30. వైకింగ్ వాళ్ళ సముద్రపు ఓడ దాదాపు అంతే, 47,800 టన్నులు. కానీ ఎక్కించేది 930 మందినే. మనిషికి 51. రీజెంట్ వాళ్ళ సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్, సిల్వర్‌సీ వాళ్ళ సిల్వర్ నోవా లాంటివి 75 దగ్గర ఉంటాయి. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ ఎంత పెద్దదో వినే ఉంటారు, 2,48,663 టన్నులు. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది ఎక్కుతారు కాబట్టి మనిషికి వచ్చేది 44.

అయితే ఈ ఒక్క లెక్కనే నమ్ముకుంటే పొరపడతారు. అలాస్కా వెళ్ళే ఓవేషన్ ఆఫ్ ద సీస్‌కి 40, హాలండ్ అమెరికా వాళ్ళ యూరోడామ్‌కి 41. కాగితం మీద ఒకటే. కానీ మొదటిదాంట్లో నాలుగు వేల పైచిలుకు మంది, రెండోదాంట్లో రెండు వేల పైచిలుకు. పొద్దున్న అలాస్కాలోని జూనో రేవులో ఓడ ఆగగానే మెట్ల దగ్గర పోగయ్యే జనంలో ఆ తేడా తెలుస్తుంది. మీ నాన్నగారు ఎంతసేపు నిలబడగలరో మీకే తెలియాలి.

ఇంకో సంగతి. ఈ కంపెనీలన్నీ వేరువేరు కుటుంబాలని అనుకోకండి. కార్నివాల్ సంస్థ చేతిలోనే కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కునార్డ్, లగ్జరీ పేరున్న సీబోర్న్ అన్నీ ఉన్నాయి. రాయల్ కరీబియన్ వాళ్ళు 2018లో సిల్వర్‌సీలో పెద్ద వాటా కొని, 2020కల్లా మొత్తం తీసుకున్నారు. నార్వీజియన్ వాళ్ళవే ఓషియానియా, రీజెంట్. ఒకే ఇంట్లో రోజువారీ కంచం ఒకటి, చుట్టాలొస్తే తీసే వెండి కంచం ఒకటి. "లగ్జరీ" అన్న మాటకు ఎవరూ ముద్ర వేసి ఇవ్వరు, అందుకే ఆ మాట చూసి కొనొద్దంటాను.

ఇప్పుడు బిల్లు సంగతి. కింద చెప్పే ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. అసలువి వారం వారం మారుతుంటాయి.

పెద్ద ఓడలో మీ అమ్మానాన్నలకు బాల్కనీ గది తలకు 1,600 డాలర్లు అనుకుందాం. ఇద్దరికీ 3,200. పన్నులు, రేవు ఫీజులు కలిపి 600. టిప్పులు మనిషికి రోజుకు 18.50 చొప్పున ఏడు రోజులకు ఇద్దరికీ 259. ఒక ఫోనుకు వైఫై 175. జూనోలో తిమింగలాలు చూపించే పడవ ఇద్దరికీ 400, స్కాగ్వేలో కొండ రైలు 300. మొత్తం 5,000కి కాస్త తక్కువ. లగ్జరీ ఓడలో తలకు 6,500 అనుకుంటే 13,000. టిప్పులు, మందు, వైఫై అందులోనే. కొన్ని లైన్లలో ఊళ్ళో తిప్పే టూర్లు కూడా. తేడా 8,000 డాలర్లు.

అదే గదిలో వైన్ తాగే దంపతులను ఊహించండి. పెద్ద ఓడలో డ్రింక్స్ ప్యాకేజీ రోజుకు 90, దాని మీద 18 శాతం, ఇద్దరికీ వారానికి 1,500 దాకా. లగ్జరీ ఓడ గది మూడువందల చదరపు అడుగులు ఉంటే మామూలు బాల్కనీ గది రెండువందలు కూడా ఉండదు కాబట్టి, వాళ్ళు పెద్ద ఓడలో మినీ సూట్ తీసుకుంటారు, ఇంకో 1,800. మూడు రాత్రులు స్పెషల్ రెస్టారెంట్లు, 360. వాళ్ళ బిల్లు 8,600కి ఎక్కింది. తేడా 4,400కి దిగింది. వాళ్ళకు లగ్జరీ లైన్ పిచ్చి ఖర్చు కాదు, ఆలోచించదగ్గ బేరం.

మీ ఇంట్లో ఎవరూ తాగరని రాశారు. అంటే ఆ టికెట్‌లో పక్క టేబులాయన షాంపేన్‌కి మీ నాన్నగారు వాటా వేస్తున్నారన్నమాట. ఈ ఒక్క ముక్క బ్రోషర్లలో ఎక్కడా కనపడదు. మన తెలుగువాళ్ళు లగ్జరీ క్రూజ్ గురించి నన్ను అడిగితే మొదట నేను అడిగే ప్రశ్న ఇదే: సాయంత్రం గ్లాసులో ఏముంటుంది?

పైగా మీరు ఆరుగురు. పెద్ద ఓడల్లో నలుగురు పడుకునే బాల్కనీ గదులు దొరుకుతాయి, గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్ మామూలుగా తక్కువే. పక్కపక్క గదులు రెండు తీసుకుంటే సరిపోతుంది. లగ్జరీ ఓడల్లో సూట్లు చాలావరకు ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. మీకు మూడు కావాలి. పై లెక్కలోనే చూస్తే 39,000 డాలర్లు, విమానాలు కాక. దానికి తోడు చాలా లగ్జరీ ఓడల్లో పిల్లల క్లబ్బే ఉండదు. వైకింగ్ అయితే పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళను ఎక్కించుకోదు. మీ ఐదేళ్ళ బాబు రెండో రోజు సాయంత్రానికి కారిడార్లో పరుగులు మొదలుపెడతాడు. అక్కడ డెబ్బై దాటిన పెద్దమనుషులు ఆ పరుగును ఎలా చూస్తారో నేను చూశాను. ఏమీ అనరు, అదే ఇబ్బంది.

మా అమ్మ సంగతి చెప్తాను. నేను లగ్జరీ ఓడలో ఉన్నప్పుడు ఇంటివాళ్ళకు ఇచ్చే రాయితీ మీద ఆవిణ్ణి పది రోజులు గ్రీసు వైపు తిప్పాను. అనకాపల్లి దాటి ఎక్కువ తిరగని మనిషి. పట్టుచీర కట్టుకుని డిన్నర్‌కి వస్తే కెప్టెన్ లేచి నమస్కారం పెట్టాడు. సంబరపడిపోయాను. మూడో రాత్రి భోజనం రెండు గంటలు సాగింది, అరచేతి మందం ప్లేటులో అరచెంచా కూర చొప్పున ఐదు సార్లు. అమ్మ నావైపు వంగి మెల్లగా అడిగింది: "ఒరే, ఇక్కడందరూ గుసగుసలాడతారేంట్రా? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" రెండేళ్ళ తర్వాత మా చెల్లి కుటుంబంతో ఒక మామూలు పెద్ద ఓడ ఎక్కింది. లిఫ్టుల పక్కన సోఫాలో గుజరాతీ ఆడవాళ్ళు నలుగురు తగిలారు. ఆవిడకు హిందీ రాదు, వాళ్ళకు తెలుగు రాదు. వారం రోజులూ సాయంత్రం ఆరింటికి ఆ సోఫా ఖాళీ లేదు. ఇప్పటికీ ఆ ఓడ పేరే చెప్తుంది, నా ఓడ పేరు మర్చిపోయింది.

సముద్రం ఊపు కూడా లెక్కలో పెట్టుకోండి. చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది. ఒక రాత్రి బిస్కే అఖాతంలో మా లగ్జరీ ఓడ ఊగిన ఊపుకు అల్మరాలోని గాజు సామాను సగం నేలపాలైంది. పదివేల డాలర్లు కట్టినవాళ్ళూ, మేమూ ఒకే రంగు మొహాలతో గోడలు పట్టుకుని నడిచాం. అలాస్కాలో దీవుల మధ్య నుంచి పోయే దారి చాలావరకు ప్రశాంతంగానే ఉంటుంది. కెనడాలోని వాంకూవర్ నుంచి బయల్దేరే ఓడలు లోపలి దారినే పోతాయి. సియాటిల్ నుంచి వెళ్ళేవి మామూలుగా వాంకూవర్ దీవికి పడమరగా, తెరిచిన పసిఫిక్‌లో కొంత దూరం నడుస్తాయి. అమ్మగారికి కారులో కడుపు తిప్పే అలవాటుంటే వాంకూవర్ చూడండి. ఎక్కడినుంచైనా గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి.

చిన్న ఓడకు ఉన్న అసలు గొప్ప చిన్న రేవుల్లో ఉంటుంది. మధ్యధరా సముద్రంలో పోర్టోఫినో లాంటి ఊరి ముందు చిన్న ఓడలో దిగడానికీ, రోమ్ చూడటానికి చివిటావెకియాలో దిగి గంటకు పైగా బస్సులో పోవడానికీ చాలా తేడా. మా అక్కాబావలు పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంలో అడిగితే అందుకే లగ్జరీ ఓడే ఎక్కించాను. పిల్లలు చదువులకు పోయారు, ఇద్దరికీ వైన్ ఇష్టం, జనమంటే బావకు చిరాకు. ఒక్క రూపాయి కూడా వృథా అనిపించలేదు వాళ్ళకు. అలాస్కాలో ఆ లాభం తక్కువ. జూనో, కెచికాన్, స్కాగ్వే మూడింట్లోనూ పెద్ద ఓడలు చాలావరకు నేరుగా ఒడ్డుకే ఆనుకుంటాయి. ఒక్క జాగ్రత్త: కెచికాన్‌లో నార్వీజియన్ వాళ్ళ ఓడలు ఎక్కువగా ఊరికి ఏడు మైళ్ళ దూరంలోని వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, అక్కణ్ణుంచి బస్సు. పెద్దవాళ్ళున్నప్పుడు అది గుర్తుపెట్టుకోవాలి.

అలాస్కాలో మీరు డబ్బు పెట్టాల్సింది గ్లేసియర్ బే మీద. ఆ నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలనే రానిస్తారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా లైన్లకు అక్కడ అనుమతులు ఎక్కువ. పార్కు రేంజర్లు పడవలో వచ్చి మన ఓడ ఎక్కి మైకులో వివరిస్తారు. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగి మెల్లగా చుట్టూ తిరుగుతుంది. దుప్పటి కప్పుకుని బాల్కనీలో కూర్చుని, వేడి కాఫీ పట్టుకుని మంచుగోడ విరిగిపడే చప్పుడు వినడం, అమ్మానాన్నలకు అంతకంటే ఏం కావాలి? నీలంగా ఉన్న గోడలోంచి ఒక ముక్క నిశ్శబ్దంగా జారుతుంది, రెండు మూడు క్షణాల తర్వాత ఉరుములాంటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు అందరికీ ఒకేలా వినపడుతుంది, 1,600 కట్టినవాళ్ళకూ 6,500 కట్టినవాళ్ళకూ. కాబట్టి ఓడ పేరు కంటే ముందు రూటులో గ్లేసియర్ బే ఉందో లేదో చూడండి.

మధ్యేమార్గంగా "ఓడలో ఓడ" అని ఒకటుంది. నార్వీజియన్‌లో హేవెన్, ఎంఎస్‌సీలో యాట్ క్లబ్ అంటారు. పెద్ద ఓడ పైభాగంలో తాళం వేసిన పేట లాంటిది, వేరే రెస్టారెంటు, వేరే డెక్కు, బట్లరు. కింద పిల్లలకు వాటర్ స్లయిడ్లు, పైన పెద్దలకు ప్రశాంతత. నాకు నచ్చిన ఏర్పాటే. కాకపోతే అమ్మానాన్నలను అందులో పెట్టి మీరు మామూలు గదుల్లో ఉంటే వాళ్ళ రెస్టారెంట్లోకి మిమ్మల్ని రానివ్వరు. షష్టిపూర్తి చేసుకుని తల్లిదండ్రులు ఒక తలుపు అవతల, మీరు ఇవతల. ఆరుగురికీ అందులోనే తీసుకుంటే ధర లగ్జరీ దగ్గరకే పోతుంది.

మీ స్థానంలో నేనైతే ప్రిన్సెస్ గానీ హాలండ్ అమెరికా గానీ తీసుకుంటాను. పిల్లలు ఆటల కోసం ఏడుస్తారనుకుంటే ప్రిన్సెస్, జనం తక్కువ కావాలంటే హాలండ్. పక్కపక్క బాల్కనీ గదులు రెండు. మిగిలిన డబ్బులో కొంత స్కాగ్వే రైలుకు పెట్టండి. 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి 1900కి పూర్తిచేసిన లైను అది, కూర్చున్న చోటి నుంచే లోయలన్నీ కనిపిస్తాయి, నాన్నగారు నడవక్కర్లేదు. నలుగురు పట్టే గదులు ముందే అయిపోతాయి కాబట్టి జూన్ ప్రయాణానికి ఇప్పుడే బుక్ చేయడం మంచిది.

వీసా మర్చిపోవద్దు. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా మధ్యలో కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతుంది. 1886 నాటి ఒక అమెరికా చట్టం వల్ల విదేశీ జెండా ఓడలు, అంటే వేరే దేశంలో నమోదైనవి, అలా వేరే దేశపు రేవు తాకాల్సిందే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఓడ దిగకపోయినా కెనడా వీసా అడుగుతారు, అది లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ వీసా అక్కర్లేదు. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉండగానే అప్లై చేయించండి. వాళ్ళకు తీసుకునే ఇన్సూరెన్సు ఓడలో డాక్టర్ ఖర్చును కూడా కవర్ చేస్తుందా అని చూడండి, ఓడలో వైద్యం ఉచితం కాదు.

తిండి గురించి టెన్షన్ పడకండి. ఈ ఓడల కిచెన్లలో మనవాళ్ళు బోలెడంతమంది. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను పిలిచి "రేపటి నుంచి వెజ్, ఇండియన్" అని చెప్పండి. పప్పు, కూర, జీరా రైస్ రోజూ వస్తాయి, ఉల్లి వెల్లుల్లి లేకుండా అన్నా చేస్తారు. రోజుకొకసారి ముందు రాత్రి చెప్పాలి, అంతే. సీలు వేసిన ఆవకాయ ప్యాకెట్ తెచ్చుకోవచ్చు. ఇంట్లో పట్టిన జాడీ సెక్యూరిటీ దగ్గర ఆగిపోవచ్చు. కరెంటు కుక్కరు మాత్రం తేవద్దు, నిప్పు భయంతో లాక్కుంటారు. టెర్మినల్‌లో అలా పట్టుబడిన కుక్కర్లు, కెటిల్స్, ఇస్త్రీ పెట్టెలు బల్ల మీద వరుసగా పెట్టి ఉండేవి. ఏ కుక్కరు మనవాళ్ళదో మూత మీది మరక చూసి చెప్పేవాళ్ళం.

నాన్నగారి పుట్టినరోజు అని బుకింగ్‌లో రాయించండి. కానీ ఆయన మొహమాటస్థుడైతే హెడ్ వెయిటర్‌కు ముందే చెవిలో చెప్పండి, లేకపోతే కేకు పట్టుకుని పదిమంది నేప్‌కిన్లు ఊపుతూ పాట పాడుకుంటూ వచ్చేస్తారు. తొమ్మిదేళ్ళపాటు ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి, శ్రుతి లేకుండా పాడినవాణ్ణి.